చిన్న వర్క్‌షాప్‌లో లీన్: పసుపు గీతల కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. చర్లపల్లిలో ఎనిమిది మందితో మెషినింగ్ షాపు. రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) టర్నింగ్ మెషిన్లు, ఒక వీఎంసీ (అలాంటిదే మిల్లింగ్ మెషిన్), రెండు పాత లేత్‌లు, ఒక రేడియల్ డ్రిల్లు. పెద్ద కస్టమర్ ఒకాయన ఆడిట్‌కి వచ్చి లీన్ (వృథా తగ్గించి పని ఆగకుండా నడిపే పద్ధతి) మొదలుపెట్టమన్నాడు. మీరు కన్సల్టెంట్‌ని పెట్టి 5ఎస్ (షాపును సర్ది శుభ్రంగా, వరసగా ఉంచే పద్ధతి) చేయించారు. నేల మీద పసుపు గీతలు పడ్డాయి, గోడకు బోర్డులు ఎక్కాయి. చివరికి అదంతా మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది, డెలివరీలు మాత్రం ఎప్పట్లాగే లేటు. ‘ఇవన్నీ పెద్ద కంపెనీలకు సార్, మనకెందుకు’ అంటున్నారు మీ కుర్రాళ్ళు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

నేను బాలానగర్ టూల్‌రూముల్లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు మీలాంటి చిన్న షాపులకు ఈ పనే చేసిపెడుతుంటాను. గీతలు గీయడం తప్పని అనను గానీ, వాటితో మొదలుపెట్టడం మాత్రం దండగ. చిన్న షాపులో డెలివరీ లేటయ్యేది మెషిన్ నెమ్మదిగా నడిచి కాదు, జాబ్, అంటే చేయాల్సిన ఆర్డరు, ఎక్కడో ఒకచోట ఊరికే కూర్చోవడం వల్ల. అది కూర్చునే చోట్లలో పెద్దవి రెండు. ఒకటి సెటప్, అంటే ఒక జాబ్ దించి ఇంకో జాబ్‌కి మెషిన్‌ని సిద్ధం చేయడం. రెండోది, మీకు కష్టంగా ఉన్నా చెప్పాలి, ఓనర్.

ముందు కుర్రాళ్ళ మాటకు జవాబు. ఈ పద్ధతులు డబ్బు పుష్కలంగా ఉన్న కంపెనీలో పుట్టలేదు. ఇవి పుట్టింది టయోటాలో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వాళ్ళ దగ్గర పెట్టుబడి లేదు. జపాన్‌లో బండ్లు కొనేవాళ్ళు తక్కువ, అడిగే రకాలు ఎక్కువ. 1950లో కంపెనీ దివాలా అంచుదాకా పోయింది, సమ్మె జరిగింది, కంపెనీ పెట్టిన కిఇచిరో టయోడా అధ్యక్ష పదవి వదులుకున్నాడు. తైచి ఓనో ఆ రోజుల్లో అక్కడ మెషిన్ షాపు చూసేవాడు. అమెరికావాళ్ళలా ఒకే పార్టును వేలల్లో కొట్టి గోడౌన్‌లో పోసే స్థోమత లేదు కాబట్టే, తక్కువ సరుకుతో చిన్న లాట్లలో (ఒకేసారి చేసే గుంపుల్లో) రకరకాల పార్టులు ఎలా తీయాలా అని ఆలోచించాడు. అంటే మీ పరిస్థితే. ఒక్కో మనిషికి రెండు మూడు మెషిన్లు అప్పగించబోతే అక్కడి పాతకాపు టర్నర్లు గట్టిగా ఎదురుతిరిగారు కూడా. ‘నేను లేత్ మనిషిని, మిల్లింగ్ ముట్టను’ అన్న మాట జీడిమెట్లలో నేను ఈరోజుకీ వింటుంటాను.

ఇక మీ షాపు సంగతి. ఈ వారం ఒక్క జాబ్‌ను పట్టుకోండి. మీకు నెలనెలా వచ్చే మామూలు జాబ్ అయితే మంచిది. దాని జాబ్ కార్డు వెనక, మెటీరియల్ గేటు లోపలికి వచ్చిన టైము, ప్రతి మెషిన్ ఎక్కిన టైము, దిగిన టైము, ప్లేటింగ్‌కి పోయింది, వచ్చింది, చలాన్ కొట్టింది, అన్నీ రాయించండి. యాప్‌లు, ఎక్సెల్ షీట్లు అక్కర్లేదు, బాల్‌పెన్ను చాలు. చివర్లో కూడితే, పది రోజులు షాపులో ఉన్న జాబ్‌లో నిజంగా టూల్ తగిలి చిప్పు రాలిన టైము ఒకటి రెండు షిఫ్టులు కూడా ఉండదు. మిగతాదంతా ట్రాలీలో, నేల మీద, డ్రిల్లు పక్కన, మీ టేబుల్ మీద. ఇది చూసేదాకా ఏ ఓనరూ నమ్మడు. ‘ఇంకో వీఎంసీ కొంటే సరిపోతుంది’ అనే అంటాడు. లోను తీసుకునే ముందు ఈ కార్డు ఒకసారి చూడండి.

తర్వాత సెటప్. మీ సీఎన్‌సీ టర్నింగ్ మీద ఒక జాబ్ దిగి ఇంకో జాబ్ ఎక్కేటప్పుడు ఫోనుతో మొత్తం వీడియో తీయించండి. ముందే ఆపరేటర్‌కి చెప్పండి, తప్పు పట్టడానికి కాదని. నేను చూసిన షాపుల్లో ఆ వీడియో దాదాపు ఒకేలా ఉంటుంది. పాత లాట్‌లో ఆఖరి పీసు అయింది. ఆపరేటర్ డ్రాయింగ్ కోసం ఆఫీసులోకి వెళ్ళాడు. అక్కడ రివిజన్ ‘బి’ ఉంది, కంప్యూటర్‌లో ‘సి’ ఉంది, ఏది చేయాలో చెప్పే మనిషి బ్యాంకులో ఉన్నాడు. పది నిమిషాల తర్వాత ఫోన్లో జవాబొచ్చింది. సాఫ్ట్ జా (పీసును పట్టుకునే మెత్తటి లోహపు దవడ, ప్రతి జాబ్ సైజుకీ బోర్ చేసుకునేది) కోసం బెంచీ కింది డబ్బా బోర్లించాడు. పోయినసారి ఈ జాబ్‌కి బోర్ చేసిన జాలు అందులోనే ఉన్నాయిగానీ, ఏవి ఏ జాబ్‌వో గుర్తులేదు. కొత్తవి పెట్టి మళ్ళీ బోర్ చేశాడు. బోరింగ్ బార్‌కి ఇన్సర్ట్ (కోసే చిన్న బిళ్ళ) కావాలి, ఇన్సర్ట్లు బీరువాలో, తాళం మళ్ళీ ఆ బ్యాంకులో ఉన్న మనిషి జేబులో. ఎలెన్ కీ కనపడలేదు. ఎవరిని అడిగినా నేను తీయలేదంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. ఫస్ట్ పీసు వచ్చింది. బోర్ (లోపలి రంధ్రం) సైజు చూడటానికి డయల్ బోర్ గేజ్ వీఎంసీ దగ్గర ఉంది, అక్కడ వాడకం అయ్యేదాకా ఆగాడు. మొత్తం రెండు గంటల పైమాట. అందులో స్పానర్ పట్టి పని చేసింది ముప్పావుగంట ఉంటే ఎక్కువ. కుర్రాడు బద్ధకస్తుడేమీ కాదు, రెండు గంటలూ పరిగెత్తుతూనే ఉన్నాడు.

షిగియో షింగో అనే ఇంజనీరు 1950లో హిరోషిమాలో, ఇవాళ మనం మాజ్దా అంటున్న టోయో కోగ్యో ఫ్యాక్టరీలో, పెద్ద ప్రెస్సు డై మారుస్తుంటే నిలబడి చూశాడు. ఒక బోల్టు తక్కువైంది. కార్మికుడు దాని కోసం వెళ్ళి గంట దాటినా రాలేదు. చివరికి పక్క మెషిన్‌కి పెట్టుకున్న పొడుగు బోల్టును తెచ్చి, కోసి, థ్రెడ్ వేసి బిగించాడు. మరి ఆ పక్క మెషిన్ వంతు వచ్చినప్పుడు ఏం చేస్తారని అడిగాడట షింగో. మెషిన్ ఆగితేనే చేయగలిగిన పనులు వేరు, మెషిన్ నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగిన పనులు వేరు అన్న విభజన ఆయనకు అక్కడే తట్టింది. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్సు సెటప్ నాలుగు గంటలు పడుతుంటే ముందు గంటన్నరకు, ఆ తర్వాత 3 నిమిషాలకు తెచ్చారు. మీకు 3 నిమిషాలు అక్కర్లేదు. రెండు గంటల్ని ముప్పావుగంట చేయండి, అంతకు మించి ఎవరూ అడగరు.

దానికి చేయాల్సింది సెట్టింగ్ ట్రే. రిపీటయ్యే ప్రతి జాబ్‌కీ ఒక ట్రే: అందులో తాజా డ్రాయింగ్, ప్రోగ్రామ్ నంబరు, సాఫ్ట్ జాలు, ప్లగ్ గేజ్, ఆ జాబ్‌కే కావలసిన ప్రత్యేక టూల్ ఏదైనా ఉంటే అది, పోయినసారి ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఆపరేటర్ చేత్తో రాసిన రెండు ముక్కలు. రేపటి జాబ్ ట్రే ఇవాళ సాయంత్రమే మెషిన్ పక్కకు రావాలి. ఇది హెల్పర్ పని. మెషిన్ సైకిల్‌లో ఉండగా హెల్పర్ ఫోను చూస్తూ నిలబడే టైము మీ షాపులో ఉందా లేదా చూడండి, దొరుకుతుంది.

సాఫ్ట్ జాల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, టైము ఎక్కువగా తినేది అదే. జాల మీద జాబ్ నంబరు పంచ్ చేయండి. మాస్టర్ జాలకి (సాఫ్ట్ జాలను బిగించేవి) 1, 2, 3 అని, సాఫ్ట్ జాలకీ అవే నంబర్లు వేసి, ఏ జా ఎప్పుడూ దాని నంబరు మీదే కూర్చునేలా చూడండి. ఎన్నో సెరేషన్ (జా కూర్చునే పళ్ళ గాడి) మీద కూర్చుంది, ఎంత ప్రెషర్‌లో బోర్ చేశారు అన్నది ట్రే కార్డు మీద ఉండాలి. మళ్ళీ ఎక్కించినప్పుడు అదే ప్రెషర్‌లో సన్నగా ఒక కోత పెడితే రనౌట్ (తిరిగేటప్పుడు పీసు పక్కకు ఊగడం) పోతుంది. అడుగునుంచి మళ్ళీ బోర్ చేయాల్సిన అవసరం ఉండదు.

టరెట్‌లో (టూల్స్ బిగించి తిప్పే తలలో) స్టేషన్లు ఖాయం చేయండి. 1లో రఫింగ్, 2లో ఫినిషింగ్, 4లో డ్రిల్లు, 6లో బోరింగ్ బార్, ఇలా మీ జాబ్‌లలో ముప్పాతిక వంతుకి సరిపోయే వరస ఒకటి కూర్చుని తేల్చుకుని, ప్రోగ్రాములన్నీ దానికి తగ్గట్టు మార్చండి. ప్రతి జాబ్‌కీ టూల్స్ అన్నీ దింపి ఎక్కించి ఆఫ్‌సెట్లు (టూల్ కొలతలు) మొదటినుంచి తీసే పని పోతుంది. వీఎంసీలో వైస్‌కి కింద లొకేటింగ్ కీలు పెట్టుకుంటే ప్రతిసారీ డయల్ పెట్టి సరిచూడటం తప్పుతుంది. ఈ రెండింటికీ ఖర్చు దాదాపు లేదు, మీ సెట్టర్ (మెషిన్ సెటప్ చేసే మనిషి) రెండు మూడు ఆదివారాలు తప్ప. ఆ ఆదివారాలకు డబ్బులివ్వండి.

సెటప్ తగ్గిందనుకోండి. ఆ మిగిలిన టైములో ఎక్కువ పీసులు కొట్టేద్దాం అనిపిస్తుంది. అక్కడ ఆగండి. దాన్ని లాట్ చిన్నది చేయడానికి వాడుకోవాలి. లెక్క చూడండి. 50 పీసుల జాబ్, టర్నింగ్ 6 నిమిషాలు, మిల్లింగ్ 4, డ్రిల్లింగ్ 2. యాభైకి యాభై టర్నింగ్ చేసి, అప్పుడు వీఎంసీకి, అన్నీ అయ్యాక డ్రిల్లుకి పంపితే 300 + 200 + 100, మొత్తం 600 నిమిషాలు, పది గంటలు. అదే పదేసి చొప్పున పక్క మెషిన్‌కి జరిపితే టర్నింగ్ 300 నిమిషాలకు అయిపోతుంది, ఆఖరి పదికి మిల్లింగ్ 40, డ్రిల్లింగ్ 20. మొత్తం 360. మెషిన్ అదే, మనిషి అదే, ఫీడ్ అదే. నాలుగు గంటలు ట్రాలీలోంచి దొరికాయి. ఇంకో లాభం కూడా ఉంది. బోర్ పక్కకు పోయిన సంగతి డ్రిల్లు జిగ్‌లో పీసు కూర్చోనప్పుడే బయటపడుతుంది అనుకుందాం. మొదటి పద్ధతిలో అప్పటికి యాభై పీసులూ పాడైపోయాయి. రెండో పద్ధతిలో మొదటి పది డ్రిల్లు చేరేసరికి టర్నింగ్‌లో పదహారో పదిహేడో అయ్యుంటాయి.

అయితే ఇది ప్రతిచోటా పనికిరాదు. ప్లేటింగ్‌వాళ్ళు, హీట్ ట్రీట్‌మెంట్‌వాళ్ళు లాట్‌కి మినిమమ్ ఛార్జీ పెడతారు, ఆటో ట్రాలీ కిరాయి ఉంటుంది. అక్కడికి పదేసి పంపితే నష్టం. షాపు లోపల చిన్న లాట్లు, బయటికి మాత్రం కూడబెట్టి పంపడం, అంతే.

ఇప్పుడు రెండో చోటు. చిన్న షాపుల్లో ప్రతి జాబూ అర్జెంటే. పొద్దున ఒక కస్టమర్ ఫోన్ చేస్తే ఓనర్ నేరుగా సెట్టర్ దగ్గరికి వెళ్ళి ‘ఇది దింపు, అది ఎక్కించు’ అంటాడు. మధ్యాహ్నం ఇంకో ఫోన్, మళ్ళీ దింపుడు. సగం అయిన లాట్లు నేలంతా పేరుకుంటాయి. ఒక్కో దింపుడూ ఒక సెటప్, వెనక్కి ఎక్కించడం ఇంకో సెటప్. ఇలా చెదిరిపోయిన షాపులో ఏ 5ఎస్సూ నిలవదు, ఎందుకంటే చెదరగొట్టేది ఓనరే.

దీనికి ఒక వైట్‌బోర్డు కొనండి. మెషిన్‌కి ఒక గడి. మెషిన్ మీద నడుస్తున్న జాబ్ కార్డు ఒకటి, దాని వెనక క్యూలో రెండు, అంతకంటే ఎక్కువ పెట్టకూడదు. మిగతావన్నీ ఆఫీసులోనే ఉండాలి. మెటీరియల్ వచ్చింది కదా అని నేల మీదకు దింపొద్దు. షాపులో 30 జాబ్‌లు తిరుగుతూ రోజుకు 5 పూర్తవుతుంటే, కొత్తగా దిగిన జాబ్ బయటపడటానికి సగటున ఆరు రోజులు. 18 జాబ్‌లే దింపి రోజుకు అదే 5 తీస్తే నాలుగు రోజులు కూడా పట్టదు. ఇది క్యూ లెక్క, ఎవరూ మార్చలేరు.

ఎర్ర కార్డు షాపు మొత్తానికి ఒక్కటే ఉండాలి. అర్జెంటు జాబ్‌కి అది తగిలిస్తారు. ఇంకో అర్జెంటు వస్తే, మొదటిదాని మీదనుంచి ఆ కార్డు మీ చేత్తో మీరే తీసి, ఆ కస్టమర్‌కి మీరే ఫోన్ చేసి లేటని చెప్పాలి. ఆ ఫోన్ ఎంత ఇబ్బందో తెలిశాక అర్జెంట్లు వాటంతట అవే తగ్గుతాయి. సెట్టర్‌తో కూడా గట్టిగా చెప్పండి: కార్డు మారకుండా నోటిమాటకు జాబ్ దించొద్దు, నేను చెప్పినా సరే. ఈ మాట మీరు నిలబెట్టుకోకపోతే బోర్డు ఇంకో అలంకారం అవుతుంది. బీరువా తాళం కూడా సెట్టర్‌కి ఇచ్చేయండి. పోతాయేమో అని భయపడే ఇన్సర్ట్ల ఖరీదు, సీఎన్‌సీ ఖాళీగా నిలబడే గంటల ఖరీదు పక్కపక్కన రాసి చూసుకోండి.

ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో గుర్తు పెట్టడానికి మెషిన్‌కి ఒక అట్ట కట్టండి. టూల్ లేదు, డ్రాయింగ్ లేదు, గేజ్ లేదు, మెటీరియల్ లేదు, కరెంటు పోయింది, సార్‌ని అడగాలి. ఆపరేటర్ దాని ఎదురుగా గీత గీస్తాడు, అంతే. మీ షాపులో ఒడిశా, బీహార్ కుర్రాళ్ళుంటే హిందీలోనో, బొమ్మలతోనో పెట్టండి. ఇంగ్లిష్‌లో అచ్చేసి లామినేషన్ చేసిన బోర్డు ఆడిటర్ కోసం తప్ప ఎవరి కోసమూ కాదు. పొద్దున మెషిన్లు ఆన్ చేసే ముందు అందరూ బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడి, నిన్న ఎక్కువ గీతలు పడ్డ కారణం ఒక్కటి తీసుకుని, ఇవాళ దానికి ఏం చేస్తారో తేల్చుకోవాలి. చాలా షాపుల్లో ‘సార్‌ని అడగాలి’ గీతలే మొదటి స్థానంలో వస్తాయి. అప్పుడు నవ్వి ఊరుకోకుండా, వాళ్ళే తేల్చుకోగల విషయాలు ఏవో అక్కడే చెప్పేయండి.

రిజెక్షన్ల సంగతి సున్నితం. పీసు పోతే జీతంలో కోస్తారనో, అందరి ముందూ అరుస్తారనో భయం ఉన్నచోట పాడైన పీసు చిప్పుల డ్రమ్ములోకి పోతుంది, కౌంట్ తగ్గితే ‘మెటీరియలే తక్కువొచ్చింది’ అంటారు. టయోటావాళ్ళ మూలపురుషుడు సకిచి టయోడా మగ్గాలు చేసేవాడు. దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేలా చేశాడు, తెగిన దారంతో గజాలకు గజాలు నేయకుండా. మీ ఆపరేటర్ కూడా సైజు జరుగుతోందని అనిపించిన వెంటనే ఆపి పిలవగలగాలి. ఆపినందుకు ఎవరూ ఏమీ అనరని వాడికి నమ్మకం కుదరాలి. పాడైన పీసుకు బోర్డు పక్కనే ఎర్ర ట్రే పెట్టి, మొదటి నెలలో అందులో పడ్డవాటి గురించి ఒక్క మాట కూడా కోపంగా అనకండి. ట్రేలో పీసులు పెరుగుతాయి. రిజెక్షన్ పెరిగినట్టు కాదు, ఇన్నాళ్ళూ డ్రమ్ములోకి పోయినవి ఇప్పుడు కనబడుతున్నాయి.

ఎక్కువమంది కన్సల్టెంట్లు ముట్టుకోని విషయం ఓటీ (ఓవర్‌టైమ్). మీ దగ్గర నెల జీతం మీద ఓటీ కలిస్తేనే ఇంటి అద్దె గడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. సెటప్ తగ్గి పని ఆరింటికే అయిపోతే మీకు సంతోషం, వాళ్ళకు నెలకు వేలల్లో దెబ్బ. అలాంటప్పుడు వాళ్ళు సెటప్ ఎందుకు తగ్గిస్తారు? ట్రేలు చెదిరిపోతూనే ఉంటాయి, ఎవరు చెదరగొట్టారో తెలియదు. అందుకని మొదలుపెట్టకముందే, గత ఆరు నెలల్లో ఒక్కొక్కరికి సగటున ఎంత ఓటీ వచ్చిందో చూసి, కనీసం ఈ సంవత్సరం దానికి తగ్గకుండా చేతికి వచ్చేలా ఏదో ఒక పద్ధతి పెట్టండి. జీతంలో కలుపుతారా, టైముకి డెలివరీ అయిన జాబ్‌ల మీద ఇన్సెంటివ్ ఇస్తారా మీ ఇష్టం. ఎవర్నీ తీసేయనని కూడా నోటితో చెప్పండి. మిగిలిన మెషిన్ గంటలకు కొత్త ఆర్డర్లు తెచ్చే బాధ్యత మీది.

5ఎస్ ఎక్కడ పనికొస్తుందంటే, ఈ ట్రేలకు ర్యాకు పెట్టేటప్పుడు, ఎలెన్ కీలు మెషిన్‌కి ఒక సెట్ చొప్పున బోర్డు మీద ఆకారం గీసి తగిలించేటప్పుడు. ఇవి వాళ్ళ పని తేలిక చేస్తాయి కాబట్టి నిలుస్తాయి. ఖాళీ నేల మీద గీతలు ఎవరి పనినీ తేలిక చేయవు. కాన్బాన్ (సరుకు అయిపోతే కార్డుతో తెప్పించుకునే పద్ధతి) ఒక్కసారి వచ్చి పోయే జాబ్‌లకు కుదరదు, దాన్ని ఇన్సర్ట్లు, డ్రిల్లు బిట్లు, కూలెంట్ ఆయిల్ వరకే ఉంచండి: రెండు డబ్బాలు, మొదటిది అయిపోయి రెండోది తెరిచిన రోజు డబ్బా మీది కార్డు మీ టేబుల్ మీదకు వస్తుంది, మీరు ఆర్డర్ పెడతారు. ఓఈఈ (మెషిన్‌ని ఎంత బాగా వాడారో చెప్పే) లెక్కలు, వాల్యూ స్ట్రీమ్ చార్టులు (జాబ్ మొదటినుంచి చివరిదాకా నడిచిన దారి గీసేవి) ఈ ఏడాదికి మర్చిపోండి. కస్టమర్ అడిగితే ఆ జాబ్ కార్డు వెనక రాసిన టైములే చక్కగా గీసి చూపించండి, అదే చార్టు.

కన్సల్టెంట్ మళ్ళీ కావాలంటే సొంత డబ్బు పెట్టకండి. కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ 2023 మార్చిలో కొత్తరూపంలో మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ పథకంలో, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (అలాంటి సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న తయారీ యూనిట్లకు కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. ముందు బేసిక్ పూర్తి చేయాలి. సెట్టర్‌కీ, ఆసక్తి ఉన్న కుర్రాడికీ పని బాగా నేర్పించాలంటే 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో అడగండి. కన్సల్టెంట్‌గా వచ్చే మనిషి విషయంలో ఒక్క షరతు పెట్టండి: మొదటి రోజు కాన్ఫరెన్స్ రూములో స్లైడ్లు వద్దు, మీ సీఎన్‌సీ పక్కన నిలబడి ఒక సెటప్ మొదటినుంచి చివరిదాకా చూడాలి. ఒప్పుకోకపోతే ఇంకొకర్ని చూసుకోండి.